ఖాళీగా ఉండవలసిన అగ్గిపెట్టె

మా వదిన పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా అన్న మనవరాలు. పోయిన నెలలో ఒక ఉదయం, పూజ ముగించుకొని దీపం ముందు నుంచి ఇంకా లేవకముందే ఆదోని నుంచి ఫోను చేసి, "అవ్వా, మా జేజి పోయినాది. కాఫీ తాగి గోడకు ఆనుకొని కూర్చున్నది కూర్చున్నట్టే పోయినాది. నువ్వు నిదానంగా రా, తొందరపడి యాడన్నా పడొద్దు" అని చెప్పింది. ఎనభై ఏళ్ళ దాన్ని, చిన్నప్పటి నుంచి ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచేదాన్ని, ఆ పొద్దు ఎమ్మిగనూరు బస్టాండు దాకా ఎట్లా పోయినానో నాకే తెలియదు. మేము కొలిచే ఈరన్నస్వామి చెయ్యి పట్టుకొని నడిపించినాడని అనుకుంటాను. మా వదిన ముఖం చూసి, కాళ్ళకు మొక్కి, రెండు రోజులు అక్కడే ఉండి తిరిగి వచ్చినాను.

వచ్చిన సాయంత్రం అరుగు మీద కూర్చొని ఉంటే, మా వీధిలో నాకంటే పెద్దగా మిగిలిన ఒకే ఒక మనిషి, ఎదురింటి పెద్దమ్మ, చేతికట్టె ఊతగా మెల్లగా వచ్చి పక్కన కూలబడి, ఎవరు పోయినారని అడిగింది. మా వదిన అన్నాను. ఆమె కాసేపు కండ్లు మూసుకొని జ్ఞాపకాల్లో వెతుక్కొని, "యా వదినమ్మా? ఆ విత్తనం తడిపిన కోడలేనా?" అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు, పాపం, ఆనవాలు కోసం అడిగిన మాటే. నేను అవునన్నట్టు తల ఊపినాను.

ఆ తల ఊపినందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను. డెబ్బై ఏళ్ళ కింద ఒకసారి నోరు విప్పవలసిన చోట విప్పలేదు, ఇప్పుడు ఆమె మట్టిలో కలిసిన మూడో రోజు కూడా విప్పలేదు. నా ఈడు వాళ్ళు, ఆ కాలం ఎరిగినవాళ్ళు, నన్ను కొంచెం ఓపికగా వింటారని నమ్మకం.

యాభైల నడిమి మాట. అప్పటి ఎమ్మిగనూరంటే పొద్దున లేచింది మొదలు వీధి వీధంతా మగ్గాల చప్పుడు, ఆ చప్పుడు ఎప్పుడన్నా ఆగిపోతే ఎవరింట్లోనో కీడు జరిగిందని అర్థం. మాది మగ్గం ఇల్లు కాదు, ఆదోని దారిలో నాలుగెకరాల ఎర్రచేను ఉన్న ఇల్లు. మా నాయన నాకు ఊహ తెలియకముందే పోయినాడు. మా అన్న ఆదోనిలో నూనె మిల్లులో పనికి కుదిరి, వారానికొకసారి బస్సులో వచ్చి పోయేవాడు. ఇంట్లో మా అమ్మా నేనూ. నాకు ఆరో ఏట జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, దానితో బడి లేదు. మా అమ్మ తనకు వచ్చిన నాలుగక్షరాలు ఇసుక పోసి వేలు పట్టించి దిద్దించింది, ఆ అక్షరాలతోనే స్తోత్రాలు చదవడం నేర్పింది. నేను బడికి పోలేదు గాని చదువురానిదాన్ని కాలేదంటే అది మా అమ్మ పెట్టిన భిక్ష, ఆ మాట ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాత రాయబోయేది చదివి ఎవరూ ఆమెను తప్పుగా అనుకోకూడదు.

అయినా ఒంటితనం ఒంటితనమే. అమ్మ చేనికి పోతే ఇంట్లో నేనొక్కదాన్నే, కిటికీ చువ్వలు పట్టుకొని, పలకలు పట్టుకొని పోయే పిల్లలను లెక్కపెట్టేదాన్ని. వాళ్ళు తిరిగి వచ్చేదాకా మళ్ళీ ఎవరూ కనపడేవారు కారు. గోడ మీద బల్లితో మాట్లాడేదాన్నని మా అమ్మ తరువాత నవ్వుతూ చెప్పేది, అది నవ్వులాట కాదని నాకు తెలుసు.

అట్లాంటి ఇంటికి మా వదిన వచ్చింది. ఆదోని పిల్ల, పదిహేడేళ్ళది. వాళ్ళ నాయన ఆడపిల్లల బడిలో బంట్రోతు కావడం వల్ల ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ఇంగ్లీషు చదవగలదు, రాయగలదు, అయితే జొన్నచేనుకూ సజ్జచేనుకూ తేడా తెలియదు. మా వీధి ఆడవాళ్ళకు అదొక వినోదం. ఎవరో ఒకరు వచ్చి, "ఏం కోడలా, మీ ఆదోనిలో శనక్కాయలు చెట్టుకు కాస్తాయంటనే?" అంటే, మా వదిన తలెత్తకుండా, "ఆ అత్తా, మాకు పట్నంలో ఒలిచి, వేయించి, పొట్లం కట్టి కాస్తాయి" అనేది. వాళ్ళు పకపక నవ్వేవారు. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వడం నేను చూసినాను.

నన్ను ఆమె పాపా అని పిలిచేది. వచ్చిన వారం రోజులకే నా కిటికీ కాపలా సంగతి కనిపెట్టింది. ఇంగ్లీషు నేర్పుతానన్నది గాని పుస్తకం లేదు. ఆమె తెచ్చుకున్న రీడరు ఒకటుండేది, అందులో సగం పేజీలు చెదలు తిన్నాయి, మిగిలిన సగంలో మంచూ, ఓడలూ, మేము చూడని పండ్లూ. నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టి పక్కన పెట్టేసి, "పాపా, ఇది మనకు కుదరదు, మన వంటింట్లో ఏముందో దాన్నే చదువుదాం" అన్నది. ఆ రోజు వంటింట్లో మిగిలి ఉన్నవి కూరగాయలు కావు, వాటి తొక్కలు. అట్లా మొదలైంది నా ఇంగ్లీషు, గింజతో కాదు, పండుతో కాదు, వాటి పైన ఉండేదానితో.

ఆమె అనేది, మనకు తొక్క అన్నా పొట్టు అన్నా దాదాపు అన్నిటికీ సరిపోతుంది, ఇంగ్లీషువాళ్ళు మాత్రం ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నారు, ఆ పేర్లు బట్టీ పడితే నిలవవు, చేతితో పట్టుకోవాలి అని. కొడితే పగిలేది షెల్లు. లాగితే ఊడి వచ్చేది పీలు. కత్తి పెట్టనిదే రానిది రైండు. దంచితే విడిచేది హస్కు. చెట్టు ఒంటిని పట్టుకొని ఉండేది బార్కు. వరసగా గింజలను పొట్టలో పెట్టుకొని పెంచేది పాడు. నేను ఒక్కొక్కటి చేసి చూసి, చేసేటప్పుడే పేరు పలికేదాన్ని. రోట్లో కొర్రలు దంచేటప్పుడు రోకటి పోటుకొక హస్కు. చిక్కుడుకాయ చీల్చేటప్పుడు పాడు. పిచ్చుక గూట్లోంచి పడిన చిట్టి గుడ్డు పెంకు దొరికితే, ఇదీ షెల్లే, కొబ్బరిచిప్పా షెల్లే, నత్తగుల్లా షెల్లే అని ఆమె చెప్పినప్పుడు, ఇంత పెద్దదానికీ అంత చిన్నదానికీ ఒకటే పేరా అని నాకు ఆశ్చర్యం. ఇంకో సంగతి చెప్పింది, ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. వేరుశనగకాయ పైనుండేదీ షెల్లే, దాన్ని ఒలిచే పనీ షెల్లే. పీలూ అంతే, హస్కూ అంతే. కాపాడేదానికీ, దాన్ని తీసేసే పనికీ వాళ్ళకు ఒకే పేరు. మనకైతే ఒలవడం వేరు, తొక్క వేరు.

మా అన్న బీడీలు కాల్చేవాడు, వారం వారం ఖాళీ అగ్గిపెట్టెలు తెచ్చి ఇచ్చేవాడు. వాటికి తెల్లకాగితం అతికించి, మా వదిన గుండ్రటి అక్షరాలతో ఒక్కొక్క పేరు రాసేది, నేను లోపల ఆ వస్తువు పెట్టేదాన్ని. ఎండి నల్లబడిన అరటితొక్క ముక్క, దానిమ్మ బెరడు, తుమ్మచెట్టు పట్ట, కొర్రపొట్టు, చింతకాయ పెంకు. హైడు అంటే పెద్ద పశువు తోలని చెప్పి, పక్కింటి బావిలో ఎద్దులతో నీళ్ళు తోడే కపిలెకు కట్టే తోలుబాన చూపించి, "దీనికి అగ్గిపెట్టె చాలదు పాపా, బావి కావాల" అన్నది. పెట్టెలన్నీ దేవుని గూటి కింది అరలో వరసగా పేర్చుకున్నాను. స్వామికి దండం పెట్టుకున్నాక వాటికీ ఒకసారి కండ్లతో దండం పెట్టుకునేదాన్ని.

ఆ వరసలో ఒక పెట్టె ఖాళీగా ఉండేది. దాని మీద స్కిన్ను అని రాసి ఉండేది. ఇందులో ఏమి పెట్టాలని అడిగితే, ఏమీ పెట్టకూడదన్నది మా వదిన. స్కిన్ను ప్రాణానికి అంటుకొని ఉంటుంది, మిగిలినవన్నీ తీస్తేనే మనకు పనికివస్తాయి, దీన్ని తీయకూడదు, అందుకని ఈ పెట్టె ఇట్లాగే ఉండాలి అన్నది. నేను సరేనన్నాను గాని, అన్ని పెట్టెలూ ఊపితే గలగలమనేవి, అది ఒక్కటి పలికేది కాదు. రోజంతా ఒక్కదాన్నే ఉండే పిల్లకు పలకని వస్తువు ఇంట్లో ఉండడం ఎట్లా ఉంటుందో, అనుభవించినవాళ్ళకు తెలుస్తుంది.

విత్తనాల రోజులు వచ్చినాయి. వేరుశనగను మా వైపు బుడ్డలంటాము. విత్తనానికి పెట్టుకున్న బుడ్డలను మిల్లులో ఆడించరు, ఆడిస్తే గింజ మీది ఎర్రపొర లేస్తుంది, పొర లేస్తే ఆ గింజ భూమిలో కుళ్ళిపోతుంది. అందుకని వాన ఇంకా పడకముందే ఆడవాళ్ళు గుంపుగా కూర్చొని చేతులతో ఒలవాలి. మా అమ్మ కుప్పకు పసుపు కుంకుమ పెట్టి, మొదటి దోసెడు ఈరన్నస్వామి పేర తీసి మూట కట్టేది. అప్పటి నుంచి విత్తడం ముగిసేదాకా ఇంట్లో ఒక్క గింజ నోట్లో వేసుకోకూడదు, అది కట్టుబాటు. అంతకుముందటి ఏడాది వానలు తప్పి ఎవరింట్లోనూ విత్తనం మిగల్లేదు. మా అమ్మ మాత్రం ఆకలికి ఓర్చుకొని, విత్తనం దాచిన గుమ్మి జోలికి పోకుండా, ఏడాదంతా దాన్ని కండ్లలో పెట్టుకొని కాపాడింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చేసినాను.

వారం రోజులుగా మా వదిన కూడా ఒలిచేవాళ్ళలో కూర్చుంది, నాకు పాఠం లేదు. వాళ్ళందరూ అరుగు మీద నవ్వుకుంటూ ఒలుస్తుంటే నేను గడపలో కూర్చొని వినేదాన్ని. నా కాలు మడతపడదు కాబట్టి వాళ్ళ మధ్య కూర్చోలేను. ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళు బువ్వ తినడానికి ఇండ్లకు పోయినారు, మా అమ్మ విత్తనాలు వేసే గొర్రు బాగుచేయించడానికి వడ్రంగి ఇంటికి పోయింది, మా వదిన బావికి పోయింది. ఒలిచి ఏరి పెట్టిన గింజల గంప ఒకటి నా పక్కనే ఉంది, నిండా ఎర్రగా, నున్నగా. ఒక గింజను గోటితో గీరితే పొర రవ్వంత లేచింది. ఆ పలకని పెట్టె గుర్తుకొచ్చింది.

నాలుగు గింజలతో నిండుతుందనుకున్నాను. ఆ పొర ఎంత పలచనిదంటే ఎంత వేసినా పెట్టె అడుగు కనపడుతూనే ఉంది, వేసింది గాలికి ఎగిరిపోతున్నది. ఎండు గింజకు పొర అంటుకొని ఉంది, నానితే సులువుగా వస్తుందని తట్టింది. గంపను ఈడ్చుకొనిపోయి పశువుల రాతితొట్టిలో గింజలన్నీ పోసి, కుండెడు నీళ్ళు గుమ్మరించి, కాసేపు ఉంచి, రెండు చేతులతో రుద్దినాను. పొరలు పూలరేకుల్లాగా పైకి తేలినాయి. సంతోషంతో పెట్టె నింపి మూత వేసి ఊపి చూసినాను. తడిపొరలు కదా, అప్పుడూ పలకలేదు.

మా వదిన బిందెతో వచ్చి తొట్టి దగ్గర నిలబడిపోయింది. బిందె దించడం కూడా మరిచి అట్లాగే చూసింది. ఆమెకు సేద్యం తెలియదు గాని, ఆ వారం రోజులు మా అమ్మ పదిసార్లు చెప్పిన మాట తెలుసు, విత్తనానికి తడి తగలకూడదు, వాన పడి చేను పదునయ్యేదాకా తగలకూడదు అని. నా ముఖం చూసింది. నా చేతుల నిండా, లంగా అంచు నిండా ఎర్రపొరలు. వంగి, తన కొంగుతో నా చేతులు తుడిచింది, ఒక్కొక్క వేలూ తుడిచింది. కొంగంతా ఎర్రగా అయ్యింది. అంతలో గడపలో మా అమ్మ.

మా అమ్మ అరవలేదు. తొట్టి గట్టు మీద కూర్చొని ఒక గింజ తీసింది, ఉబ్బి తెల్లబడిన గింజ. అది ఆమె వేళ్ళ మధ్య రెండు బద్దలయ్యింది. "ఎవురు చేసినారిది?" అన్నది.

"నేనే అత్తా. మట్టి ఉంది కదా, కడిగితే మంచిదనుకొన్నా. తెలీక చేసినా" అన్నది మా వదిన.

"నీకు ఇది గింజమ్మా, నాకు ఏడాది బువ్వ" అన్నది మా అమ్మ. అంతే. కాని అప్పటికే ఆడవాళ్ళు తిరిగి వచ్చినారు, చూసినారు, వాళ్ళలో ఒకామె, "అయ్యో, పట్నం కోడలు విత్తనానికి తలంటు పోసిందే, ఇంగ చీర కూడా కడతాదేమో" అన్నది, మిగిలినవాళ్ళు నవ్వు ఆపుకోలేక ముఖాలు తిప్పుకున్నారు.

నేను ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ మాట. ఏడు మైళ్ళయినా నన్ను చంకనెత్తుకొని స్వామి దర్శనానికి తీసుకపోయిన తల్లి, ఈ పిల్ల నాకు బరువు కాదని నలుగురి ముందర చెప్పిన తల్లి, ఆ గింజను చూసిన చూపుతో నన్ను చూస్తుందేమోనని భయపడినాను. పదేళ్ళ పిల్ల భయం అది, క్షమించదగినదేనేమో. దాని తరువాతి ఏళ్ళకు నా దగ్గర జవాబు లేదు.

మూడు రోజులకు వాన వచ్చింది. చేనంతా విత్తినారు, దారి పక్కన ఉండే తునకకు మాత్రం విత్తనం చాలలేదు. అది బీడుగా ఉండిపోయింది. ఆదోని దారిలో పోయే ప్రతివాళ్ళూ అంత మంచి వానకు ఈ తునక ఎందుకు వదిలినారని అడిగేవాళ్ళు, మా అమ్మ అడిగినవాళ్ళకల్లా చెప్పేది, మా కోడలు విత్తనం తడిపింది అని. కోపంతో కాదు, జరిగింది చెప్పినట్టే చెప్పేది. ఆ పంట కాలం ముగిసేసరికి మా వదినకు ఊర్లో వేరే పేరు లేకుండా పోయింది.

అంతకుముందే, వాన పడిన వారమే, మా అన్న వస్తే మా అమ్మ, "దీన్ని నీ దగ్గరనే పెట్టుకో నాయనా. మంచి పిల్లే. కానీ నా కండ్ల ముందర ఉంటే నాకు ఆ బీడే కనపడుతాది" అన్నది. మరుసటి ఉదయం ఇద్దరూ బస్సెక్కినారు. పోయే ముందు మా వదిన నా దగ్గరికి వచ్చి, "పాపా, ఆ స్కిన్ను పెట్టె ఖాళీ చేసి మళ్ళా అరలో పెట్టు, మాటలు మరిచిపోవద్దు" అని మాత్రం చెప్పి, తలదువ్వి, పోయింది. నేను మళ్ళీ కిటికీ దగ్గరికి పోయినాను.

తరువాతి వారం నుంచి ఆదోని నుంచి కార్డులు రావడం మొదలైంది. కార్డుకొక మాట. కార్డంటే మీకు తెలుసు, పోస్టుమాన్ చదివి, ఎదురింటివాళ్ళు చదివి, ఆ తరువాత మన చేతికొస్తుంది. మా అమ్మ ఏమి రాసిందని అడిగితే ఒక మాట రాసిందనేదాన్ని. "ఒక్క మాటకు ఒక కార్డా, దాని పిచ్చి గాని" అని, ఆ కార్డును మాత్రం పారేయకుండా దేవుని పటం వెనక దోపేది. ఒక కార్డులో షెల్లు గురించి మళ్ళీ రాసింది, ఎవరితోనూ కలవకుండా ముడుచుకొని ఉండే మనిషి మెల్లగా నలుగురిలోకి వస్తే, షెల్లులోంచి బయటికి వచ్చిందంటారట, నువ్వు ఎప్పుడొస్తావు అని. ఇంకొక దాంట్లో, మాటలు తగలని మనిషిని మందపాటి స్కిన్ను గల మనిషి అంటారట, నాకు అలవాటవుతున్నది అని రాసింది.

నెల రోజులు ఆలోచించి, నాకు వచ్చిన మాటలన్నీ కూడగట్టి, నా బతుకులో మొదటి ఇంగ్లీషు వాక్యాలు రాసినాను. ఐ వెట్ ది సీడ్. ఐ టుక్ ది స్కిన్. నాట్ యూ. విత్తనం తడిపింది నేను, పొర తీసింది నేను, నువ్వు కాదు అని. తెలుగులో రాస్తే వీధంతా చదువుతుంది, అందుకని ఇంగ్లీషు చాటున దాక్కున్నాను. జవాబు కార్డులో పైన రెండే మాటలున్నాయి, ఐ నో, నాకు తెలుసు అని. కింద మామూలుగా ఆ వారపు మాట. చాఫ్, తూర్పార పడితే గాలికి పోయేది. దాని గురించి మళ్ళీ ఎప్పుడూ మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఆ దశాబ్దం చివర మా అమ్మ మంచం పట్టింది. పిలవకుండానే మా వదిన ఆదోని నుంచి వచ్చింది, రెండు నెలలు ఆమెకు గంజి పోసి, ఒళ్ళు తుడిచి, తల్లికి చేసినట్టు చేసింది. చూడవచ్చిన ఆడవాళ్ళతో మా అమ్మ, "నా కోడలు చెయ్యి చల్లనిది. ఆ ఏడు విత్తనం తడిపింది గాని, నా బంగారు తల్లి" అనేది, ఆమె తల నిమురుతూ అనేది, క్షమించినట్టు అనేది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఒకసారి ముందుకు అడుగు వేసినాను కూడా. మా వదిన మంచం మీదుగా నన్ను చూసి, తల అడ్డంగా ఊపింది, చాలా కొంచెంగా, నాకు మాత్రమే కనపడేంత. ఆమె ఏమనుకున్నదో నాకు తరువాత అర్థమయ్యింది. పోయే మనిషికి బిడ్డ మీద ఉన్న నమ్మకాన్ని ఒలవడం ఎందుకనుకున్నది. నేను వెనక్కి అడుగు వేసినాను. ఆ అడుగు నాకు హాయిగా కూడా ఉండింది, అది దాచను.

నేను పెండ్లి చేసుకోలేదు. మా అమ్మ పోయినాక, ఏళ్ళ తరబడి వచ్చిన ఆ కార్డులతోనే ఇంగ్లీషు పెంచుకొని, ఈ అరుగు మీదనే వీధి పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతికినాను, మూడు తరాల పిల్లలకు చెప్పినాను, అగ్గిపెట్టెలతోనే మొదలుపెట్టేదాన్ని. నేను తిన్న ప్రతి ముద్దా ఆ అగ్గిపెట్టెలు పెట్టిందే. ఇప్పుడు పిల్లలు రావడం లేదు, వాళ్ళకు మూడో ఏటి నుంచే ఇంగ్లీషు వస్తుంది, ఫోనులో వస్తుంది. మంచిదే, మాకు లేని భాగ్యం. అయితే మొన్న మా వీధి పాపకు చిక్కుడుకాయ ఇచ్చి ఒలవమంటే, ఎటువైపు నుంచి లాగాలో తెలియక నా ముఖం చూసింది. విత్తనాలు సంచుల్లో వస్తున్నాయి, ఎర్రటిదో నీలందో మందు పూసి. అరుగుల మీద కూర్చొని ఒలిచే ఆడవాళ్ళు లేరు, మా ఇంటిది తప్ప అరుగులే లేవు. మగ్గాల చప్పుడు కూడా ఎప్పుడో ఒకసారి ఎక్కడి నుంచో వినపడుతుంది, ఆగితే ఎవరూ గమనించరు.

నిన్న మెల్లగా వీధి దాటి పోయి ఎదురింటి పెద్దమ్మకు నిజం చెప్పినాను. తడిపింది మా వదిన కాదు, నేను అన్నాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని రెండుసార్లు చెప్పించుకొని, "ఇప్పుడు యాలమ్మా అది, ఎరిగినోళ్ళం ఇద్దరమే ఉండాము కదా" అన్నది. ఇద్దరమే ఉన్నామంటే, మేమిద్దరం పోయినాక ఆ పేరు ఎవరూ దిద్దలేనిదై నిలిచిపోతుంది, లేదా మా వదినే ఎవరికీ గుర్తులేకుండా పోతుంది. రెండూ నాకు ఇష్టం లేదు.

ఎమ్మిగనూరులో మా వీధిలో పుట్టిపెరిగినవాళ్ళు, ఆదోని దారిలో ఆ బీడు తునక చూసినవాళ్ళు, మీ అమ్మల నోట మీ అవ్వల నోట ఆ కథ విన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, నాదొక చిన్న మనవి. విత్తనం తడిపింది ఆ ఇంటి కోడలు కాదు, కాలీడ్చే ఆడబిడ్డ. ఆ కోడలు పదిహేడేళ్ళ వయసులో ఒక పిల్ల చేతులు తన కొంగుతో తుడిచి, ఆ ఎరుపును డెబ్బై ఏళ్ళు తన మీదనే ఉంచుకున్నది. స్కిన్ను అని రాసిన అగ్గిపెట్టె ఇంకా నా దేవుని గూటి కింద ఉంది, ఆమె చెప్పినట్టే ఖాళీగా ఉంది. మీరు దీపం పెట్టుకునేటప్పుడు, ఎప్పుడన్నా ఒక్కసారి, మా వదినను తలచుకోండి.